గోడవైపు వంగిన నారు

"సీలు నాది, తాళం నాది. నేను చాలన్నప్పుడు బయటికి రావాలి, అమ్మాయ్," అన్నాడు బుల్లయ్య, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ.

నాకు నలభై నాలుగేళ్ళు. ఒంగోలులో డిటెక్టివ్ ఆఫీసు తెరిచి పదేళ్ళు దాటింది. బోర్డు మీద లక్ష్మీదుర్గ అని పెద్దక్షరాలతోనే రాయించాను. అయినా ఈ రిటైర్డ్ డీఎస్పీ గారి కళ్ళకి నేనింకా టైపు నేర్చుకోవడానికొచ్చిన పిల్లనే. పదవి పోయినా పొగరు పోదంటారే, అది ఈయన్ని చూసే అన్నారేమో.

"మీ సీలు మీద నాకేం ఆశ లేదు బుల్లయ్యగారూ. దాని వెనకాల ఏముందో చూసి పోతాను."

"ఏముంటుంది? మొక్కలు. పిల్ల విత్తనాల డబ్బా పట్టుకుని పారిపోయింది. సోమవారం రాత్రి దాని ఫోను చిలకలూరిపేట బస్టాండులో ఆగిపోయింది. కేసు అయిపోయింది. రిపోర్టు కూడా రాసేశాను."

ఆయన్ని పెట్టుకున్నది గుంటూరులోని ఒక విత్తనాల కంపెనీ. నన్ను పెట్టుకున్నది ఎలీసమ్మ. ఆమె గేటు దగ్గర సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. ఆదివారం పూట గుడి మానుకుని, తెల్లచీరలో, ఒళ్ళో బైబిలు సంచితో. కొత్తపట్నం దగ్గర మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. నిన్న నా ఆఫీసుకొచ్చి ఒకటే మాట అంది: "నా బిడ్డ బతికుందో లేదో ప్రభువు చూసుకుంటాడు. దొంగ కాదని మాత్రం నువ్వు చెప్పించు తల్లీ. నాకదే చాలు."

ఆ బిడ్డ పేరు ఆరాధన. అద్దంకి దాటాక పొలాల మధ్య ఉన్న ఈ పాత మిరప కోల్డ్ స్టోరేజీని నాగేంద్రబాబు కొని, ఎండ పొడ లేకుండా ఎల్ఈడీ దీపాల కింద మిరప నారు పెంచే షెడ్డుగా మార్చాడు. మొక్కల మంచిచెడ్డలన్నీ ఆరాధనవే. సోమవారం సాయంత్రం నుంచి ఆమె కనిపించలేదు. కంపెనీవాళ్ళు ఇక్కడ దాచుకున్న కొత్తరకం మిరప మూలవిత్తనాల డబ్బా కూడా కనిపించలేదు. గురువారం బుల్లయ్య వచ్చాడు, చూశాడు, ఆమె దొంగ అని తేల్చాడు, షెడ్డుకి సీలు వేసి గేటు దగ్గర కాపలా పెట్టి వెళ్ళాడు.

సీలు తియ్యకముందే నాగేంద్రబాబుని వసారాలో నిలబెట్టి అడగడం మొదలుపెట్టాను. ఇస్త్రీ చొక్కా, చేతికి నాలుగు ఉంగరాలు. మాటకి ముందు నవ్వు.

"సోమవారం ఆమెని ఆఖర్న చూసింది ఎవరు?"

"నేనే మేడం. ఆరింటికి ఆటో ఎక్కించి పంపా."

"ఎవరి ఆటో?"

"దారినపోయేది. నంబరు ఎవరు చూస్తారు?"

"లోపల ఎన్ని గదులు?"

"రెండండి. ఒకటో గదిలో దీపాలు పడుకోబెట్టి ఉంటాయి. ర్యాకులో ప్రతి అరకీ పైకప్పులాగా. వెలుతురు మొక్క నెత్తిన పడుద్ది. రెండో గదిలో దీపాలు నిలబెట్టి ఉంటాయి, వరసకీ వరసకీ మధ్య స్తంభాల్లాగా. వెలుతురు పక్కల నుంచి వస్తది."

"ఏది మేలు?"

"నిలబెట్టిందే. అదే జాగాలో రెట్టింపు మొక్కలు పడతాయి."

"ఆరాధన కూడా అదే అనేదా?"

నవ్వు కాస్త సన్నబడింది. "చదువుకున్న పిల్ల కదండీ. అన్నిటికీ అనుమానమే."

ఆ అనుమానం ఏమిటో ఎలీసమ్మ నాకు ముందే చెప్పింది. రాత్రుళ్ళు ఫోనులో కూతురు చెప్పే కబుర్లన్నీ మొక్కల కబుర్లే. ఎత్తుగా పెరిగే పెద్ద మొక్కకి నిలువు దీపం మంచిదే, కింది ఆకులకి కూడా వెలుగందుతుంది. పొలంలో నాటాల్సిన నారుకి మాత్రం వెలుగు పైనుంచే పడాలి. పక్క వెలుగులో పెరిగిన నారు దీపం కోసం సాగుతుంది, కాండం పీలగా మిగులుతుంది, మొదటి గాలికే పొలంలో పడుకుంటుంది. ఈ ఏడు అద్దంకి రైతులకి ఇస్తానన్న నారంతా నాగేంద్రబాబు నిలువు దీపాల కిందే పెంచాడు. మంగళవారం అద్దంకిలో రైతుల మీటింగులో ఆ మాట బయటపెడతానని ఆరాధన తల్లితో అంది. ఆయనతో కూడా అనే ఉంటుంది. మనసులో ఒకటి, నోట ఒకటి తెలియని పిల్ల.

"మంగళవారం మీటింగు జరిగిందా?" అని అడిగాను.

"జరిగింది."

"రైతులు నారు తీసుకుంటామన్నారా?"

"అన్నారు. ఎందుకనరు?"

"ఆరాధన లేదు కాబట్టి అన్నారు. సరే, సోమవారం రాత్రి గదుల్లో దీపాలు ఎవరు ఆర్పారు?"

"నేనే. చూసుకునే మనిషి లేనప్పుడు కరెంటు దండగ కదా."

బుల్లయ్య గడియారం చూసుకుని విసుక్కున్నాడు. "ఇవన్నీ నేనడిగేశాను. దీపాలు ఆర్పే ఉన్నాయి. నేను వచ్చినప్పుడు ఫ్యాన్లు మాత్రం హోరెత్తిపోతున్నాయి. పక్కమనిషి మాట కూడా వినపడలేదు. పోయేటప్పుడు మెయిన్ స్విచ్ దించి, సీలు వేశా."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కరెంటు దండగని దీపాలు ఆర్పినవాడు, అంతకంటే ఎక్కువ కరెంటు తాగే ఫ్యాన్లు మూడు రోజులు ఎందుకు వదిలేశాడు? అడగలేదు. అడిగితే జవాబు తయారుచేసుకుంటాడు. ఊరికే తలూపి పిచ్చమ్మ వైపు తిరిగాను.

పిచ్చమ్మ ఈ షెడ్డులో పనిమనిషి. మిరపకాయల బస్తాలు నిలవ చేసే రోజుల నుంచి ఇక్కడే ఉంది.

"నీ పనేంటమ్మా?"

"రెండో గదిలో ట్రేలు రోజూ పొద్దున్నే ఇటుది అటు తిప్పాలమ్మా. తిప్పకపోతే నారు దీపం వైపుకి ఒరిగిపోద్ది. ఒకటో గదిలో ఆ బాధ లేదు, పైనుంచే పడుద్దిగా ఎలుగు. సాయంత్రం తలుపులెయ్యాలి."

"సోమవారం కూడా నువ్వే వేశావా?"

"లేదమ్మా. బాబుగారు నేనేస్తాలే, నువ్వు పో అన్నారు. మర్నాడు నుంచి రావొద్దన్నారు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మనసులో పీకుతానే ఉంది. తలుపేసే ముందు మూడు దెబ్బలు కొట్టి, లోపలెవరన్నా ఉన్నారా అని కేకేసి, కాసేపాగి వెయ్యటం మాకలవాటు. ఎనకటి రోజుల్లో చలిగదిలో మనిషుంటే పొద్దుటికి కట్టె. ఇప్పుడు చలి లేకపోయినా నేను కొట్టకుండా ఏసేదాన్ని కాదు. బాబుగారు కొట్టారో లేదో."

"కొట్టాన్లే, పిచ్చిదానా!" అన్నాడు నాగేంద్రబాబు గబుక్కున.

అంత తొందరేమిటో అనుకున్నాను.

బుల్లయ్య సీలు చించాడు. లోపల నడవ, కుడివైపు ఒకటో గది, దూరంగా రెండో గది. ఆ రెంటి మధ్య గోడకి అడ్డంగా కొబ్బరి పొట్టు బస్తాలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. నేను ఒకటో గదిలోకి నడిచాను. మెయిన్ దించి ఉంది కాబట్టి చేతిలో టార్చే దిక్కు.

మందమైన థర్మోకోల్ గోడలు. మూసి ఉన్న గదిలో మగ్గిన కొబ్బరి పొట్టు వాసన. దాని అడుగున ఇంకేదో ఉంది. అది ఏమిటో ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. నాలుగు వరసల ర్యాకులు, అరల నిండా నారు ట్రేలు, ప్రతి అరకీ పైన ఆరిపోయిన దీపాలు. మూడు వరసల్లో నారు పాలిపోయి, సన్నగా సాగి, నిటారుగా నిలబడి ఉంది. చీకట్లో మొక్క అంతే, దిక్కు తెలియక పైకే పోతుంది.

ఎడమ గోడ పక్కన ఉన్న నాలుగో వరస మాత్రం అలా లేదు. అక్కడ నడుము ఎత్తున ఉన్న అరలో మొక్కలన్నీ గోడవైపుకి వంగాయి. ఈ చివర ట్రేలోవి కుడికి, ఆ చివర ట్రేలోవి ఎడమకి, నడిమివి సూటిగా. కోళ్ళన్నీ ఒకే గింజల గిన్నె మీదికి మెడలు చాచినట్టు, అన్నీ గోడలో ఒక్క చోటువైపే చూస్తున్నాయి. ఆ చోటు దగ్గర ట్రే ఒకటి కింద పడి ఉంది. నేల మీద కొబ్బరి పొట్టు చెదిరింది.

"ఇవెందుకు వంగాయి?" అన్నాను.

"నీళ్ళు లేక వాలాయి," అన్నాడు బుల్లయ్య. "గురువారం కూడా ఇలాగే ఉన్నాయి."

"ట్రే?"

"ఎలకలు."

"గురువారం కూడా పడే ఉందా?"

"గుర్తు లేదు."

కంపెనీ డబ్బు తిని, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చాడు మహానుభావుడు. ఒక మొక్కని వేళ్ళతో సహా పీకి ఆయన ముక్కు కింద పెట్టాను.

"నీళ్ళు లేని మొక్క తల వేలాడేస్తుంది. ఇది వేలాడెయ్యలేదు, చూడండి. మొదలు నిటారుగా ఉంది, పచ్చగా, గట్టిగా. అంటే అప్పుడు పైనున్న దీపాలు వెలుగుతున్నాయి. అది సోమవారం దాకా. నడుము దగ్గర గోడవైపు వంగింది. అంటే పైదీపాలు ఆరిపోయాక గోడవైపు నుంచి వెలుగొచ్చింది. ఒక పూట కాదు, రెండు మూడు రోజులు. ఇక కొస చూడండి. మళ్ళీ నిటారుగా లేచింది, కానీ పాలిపోయి ఉంది. అంటే ఆ గోడ వెలుగు కూడా ఆరిపోయింది."

"గోడలో వెలుగేంటి? మతి పోయిందా?"

"గురువారం మీరు మెయిన్ దించారు కదా బుల్లయ్యగారూ?"

నేను ర్యాకుని పట్టుకుని లాగాను. బరువు. ఈసారి ఆయన కూడా ఒక చెయ్యి వేశాడు. వెనక గోడలో, ఒకప్పుడు చలి కోసం వేసిన అమోనియా పైపు పోయిన చోట, చెయ్యి దూరేంత కంత. దాన్ని మూసిన స్పాంజి ముక్క తునకలే అంచున మిగిలాయి. అవతలి వైపు నుంచి ఎవరో లోపలికి లాగేసుకున్నారు.

కంత దగ్గర మొహం పెట్టి, "ఆరాధనా!" అని పిలిచాను. ఇందాక నేను ఒప్పుకోనన్న వాసన ఆ కంతలోంచే వస్తోంది.

"అవతల ఏముంది?" అని నడవలోకి వస్తూనే నాగేంద్రబాబుని గట్టిగా అడిగాను.

"ఏం లేదు మేడం. పాత పైపుల గది. తాళంచెవి పోయి ఏళ్ళయింది."

"అబద్ధం చెప్తారేంటి బాబుగారూ!" పిచ్చమ్మ గొంతు ఖంగుమంది. "మొన్నటిదాకా ఆరాధనమ్మ అందులో ఒంటి నిలువు దీపం పెట్టుకుని ఏదో పరీక్ష చేస్తా ఉండేదిగా! తలుపు ఇక్కడేగా ఉండాల? ఈ బస్తాలు ఎవరు పేర్చారిక్కడ? ఇయ్యి ఉండే చోటు బయట కొట్టంలో గదా!"

బస్తాలు నేనూ పిచ్చమ్మా లాగిపడేశాం. బుల్లయ్య కదల్లేదు. బస్తాల వెనక ఇనప తలుపు, దానికి కొత్త తాళంకప్ప. ఇంకా నూనె మెరుస్తోంది.

పగలగొట్టే ముందు పిచ్చమ్మ నన్ను ఆపింది. అరచేత్తో తలుపు మీద మూడు దెబ్బలు కొట్టింది. "లోపలెవరన్నా ఉన్నారా?" అని కేకేసింది. అలవాటు ప్రకారం ఆగింది. మేమందరం ఆగాం. జవాబు రాదని నాకు తెలుసు. అయినా ఆ కాసేపు, ఆ తల్లి కోసం, నాకు రాని ప్రార్థన కూడా చేశాను.

జవాబు రాలేదు.

తాళం రెండు దెబ్బలకి ఊడింది. పైపుల గది మనిషి చేతులు చాపితే రెండు గోడలకీ తగిలేంత ఇరుకు. ఆరాధన కంత కిందే ఉంది, గోడకి ఆనుకుని కూర్చుని. కుడి చెయ్యి ఇంకా కంత అంచునే పట్టుకుని ఉంది. నిలువు దీపాన్ని స్టాండు నుంచి ఊడదీసి, కంతకి ఎదురుగా వెలుగు అవతలికి పడేలా, పైపులకి చున్నీతో కట్టింది. పక్కన ఆమె పరీక్ష మొక్కలకి తెచ్చిపెట్టుకున్న నీళ్ళ క్యాను, ఖాళీగా. ఒక మూల విత్తనాల డబ్బా, కంపెనీ లక్కముద్ర చెదరకుండా.

నేను తాకి చూశాను. చూడనక్కర్లేదు, అయినా చూశాను.

ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఫ్యాన్ల హోరులో తన అరుపు వినపడదని ఆమెకి అర్థమైంది. మొక్కలు వెలుగువైపు వంగుతాయని తెలిసిన మనిషి. తెల్లారి ఎవరో ఒకరు గదిలోకి వస్తారు, పైదీపాల కింద నారు గోడవైపు ఎందుకు వంగిందా అని ఆగి చూస్తారు అనుకుంది. ఆమె చేతిలో మిగిలింది ఒక్క దీపం. దాంతో మొక్కల చేత దారి చూపించింది. పిచ్చమ్మ వచ్చి ఉంటే ఒక్క చూపులో కనిపెట్టేది. వచ్చింది బుల్లయ్య.

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "గురువారానికి... అప్పటికే పోయుంటుంది కదమ్మా?"

అమ్మాయ్ కాస్తా అమ్మ అయింది. అవునని చెబితే ఆయన ఇంటికెళ్ళి అన్నం తింటాడు. ఒక్క క్షణం చెబుదామనే అనుకున్నాను. కానీ ఆరాధన గోళ్ళ నిండా కొబ్బరి పొట్టు ఉంది. ఆయన్ని చెయ్యి పట్టుకుని మళ్ళీ ఒకటో గదిలోకి తీసుకెళ్ళాను. కింద పడిన ట్రే దగ్గర టార్చి వేశాను.

నేల మీద దుమ్ములో బూటు గుర్తు. మడమ దగ్గర నక్షత్రం ముద్ర. చెదిరిన కొబ్బరి పొట్టుని వేలితో పక్కకి తోశాను. మిగతా సగం గుర్తు దాని కింద ఉంది.

"మీ బూటే కదా?"

ఆయన తన కాలివంక చూసుకున్నాడు.

"పొట్టు గుర్తు కింద లేదు, గుర్తు మీద పడింది. అంటే మీరు నిలబడి వెళ్ళిపోయాక ఈ ట్రే పడింది. దీపం ఆరిపోయాక, చీకట్లో కంతలోంచి చెయ్యి చాచి అందిన ట్రేని తోసింది. చప్పుడైతే ఎవరన్నా వస్తారని. అప్పటికి మీరు మెయిన్ దించి, సీలు వేసేశారు."

బుల్లయ్య బూటు కాలు ఆ గుర్తు పక్కన పెట్టి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు. ఆ మనిషి మీద నాకు జాలి కలగాలి. కలగలేదు.

నడవలో నాగేంద్రబాబు కదల్లేదు. పిచ్చమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నేను పోలీసులకి ఫోను చేస్తుంటే తనలో తాను గొణుగుతున్నాడు. "నేను చంపలా. తలుపేశానంతే. మీటింగు అయ్యేదాకా భయపెట్టి వదిలేద్దామనుకున్నా. తర్వాత వదిల్తే కేసు పెడద్ది కదా. ఏం చెయ్యాలో తోచలా. ఫోను చిలకలూరిపేటలో పడేసొచ్చా, పారిపోయిందనుకుంటారని. డబ్బా కూడా ఆ గదిలోనే పెట్టా, తర్వాత చూసుకుందామని. ఇంతలో ఈయనొచ్చి సీలేశాడు. నన్ను కూడా లోపలికి పోనియ్యలా. నేనేం చెయ్యను చెప్పండి?"

"ఆయన వచ్చింది గురువారం," అన్నాను. "మంగళవారం, బుధవారం తాళంచెవి ఎవరి జేబులో ఉంది?"

ఉంగరాల చేత్తో మొహం కప్పుకున్నాడు. రేపు ఈయన లాయరు ఇదే మాట ఇస్త్రీ చేసి కోర్టులో చెబుతాడు, చంపలేదు, తలుపేశాడంతే అని. సీలు పడకముందే పీల నారు ఊళ్ళకి చేరిపోయింది. నాటేశారు కూడా. మొదటి గాలికి అది పడిపోయినప్పుడు, ఇలా అవుతుందని ముందే చెప్పిన పిల్ల ఒకతి ఉండేదని ఆ రైతులకి ఎవరు చెబుతారు?

డబ్బా ముట్టుకోకూడదు, పోలీసులు వచ్చేదాకా ఉన్నచోటే ఉండాలి. నా ఫోనులో దాని ఫోటో తీసుకున్నాను, ముద్ర కనిపించేలా. నిన్న ఎలీసమ్మ నన్నడిగింది అదే కదా. చేతులు కడుక్కుని గేటు దగ్గరికి నడిచాను. అంత దూరం నడిచేసరికి వందసార్లు మాట సర్దుకున్నాను.

ఎలీసమ్మ లేచి నిలబడింది. బైబిలు సంచి రెండు చేతులతో పట్టుకుంది.

"ఎలీసమ్మగారూ," అన్నాను ఫోను చూపిస్తూ. "విత్తనాల డబ్బా దొరికింది. ముద్ర కూడా చెదరలేదు. మీ అమ్మాయి దొంగ కాదని కాగితం మీద రాయించి ఇస్తాను. బుల్లయ్యగారి చేతే రాయిస్తాను."

ఆమె ఫోనువైపు చూడలేదు. నా భుజం మీదుగా, తెరిచి ఉన్న షెడ్డు తలుపువైపు చూసింది. ఇంకెవరైనా బయటికి వస్తారేమోనని చాలాసేపు అలాగే చూసింది.

"అది కాదు తల్లీ," అంది. "పిల్ల ఏది?"